నిలబెట్టే దానం: జకాత్, సదఖా, వక్ఫ్‌ల అసలు లక్ష్యం

సమస్త లోకాలను సృష్టించి పోషిస్తున్న అల్లాహ్‌ను స్తుతిస్తున్నాము. ఆయన సహాయాన్ని అర్థిస్తున్నాము. మానవాళికి కారుణ్యమూర్తిగా వచ్చిన అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన అల్లాహ్ శాంతిశుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! 

ముందుగా మనకూ మీకూ అందరికీ అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండాలని హితవు చెప్పుకుందాం. మన శరీరం, మన సంపాదన, మన సమయం అన్నీ ఆయన మన దగ్గర ఉంచిన అమానతులు. రేపు ప్రళయదినాన మన సంపద గురించి రెండు ప్రశ్నలు తప్పవని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఎలా సంపాదించావన్నది మొదటిది, ఎందులో ఖర్చు చేశావన్నది రెండవది. ఈ రోజు మనం ఆ రెండవ ప్రశ్న గురించి ఆలోచిద్దాం.

అల్లాహ్ దయవల్ల మన నంద్యాలలోనూ, ఆళ్లగడ్డలోనూ ఇచ్చే చేతులకు కొదువ లేదు. రంజాన్ మాసం వస్తే జకాత్ తీస్తారు, ఫిత్రా ఇస్తారు, బట్టలు పంచుతారు, ఇఫ్తార్ విందులు ఏర్పాటు చేస్తారు. అల్లాహ్ వాటన్నింటినీ స్వీకరించుగాక! అయితే ఒక విషయం మనం ఆగి చూడవలసి ఉంది. నిరుడు రంజాన్‌లో మన గడప ముందు నిలబడిన వితంతువు ఈ రంజాన్‌లోనూ అక్కడే నిలబడి ఉన్నదా? ఆమె పక్కన ఈసారి ఆమె కుమార్తె కూడా నిలబడి ఉన్నదా? అలా ఉన్నట్లయితే మనం ఇచ్చినది ఆమె ఆకలిని ఒక వారం వెనక్కి నెట్టింది, అంతే. ఆమె పరిస్థితి మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది. ఇస్లాం మన దానం నుంచి ఆశిస్తున్నది ఇంతేనా?

సోదరులారా! దివ్యఖుర్ఆన్‌లోని తౌబా అధ్యాయం 60వ వాక్యం జకాత్ ఎవరికి చెందాలో నిర్ణయించింది. నిరుపేదలు, అక్కరగలవారు, జకాత్ వసూలు చేసి పంచేవారు, మనసులు గెలుచుకోవలసినవారు, బానిసత్వంలో చిక్కుకున్నవారు, అప్పుల భారంతో కుంగిపోయినవారు, అల్లాహ్ మార్గంలో ఉన్నవారు, దారిలో చిక్కుకున్న ప్రయాణికులు. ఈ ఎనిమిది వర్గాలను జాగ్రత్తగా గమనించండి. వీటిలో ఆకలి ఉంది. కానీ ఆకలితోపాటు బానిస మెడలోని కాడి ఉంది, రుణగ్రస్తుడి నెత్తిమీది బరువు ఉంది. అంటే మనిషికి ఒక పూట అన్నం పెట్టడంతోనే జకాత్ పని ముగిసిపోదు. అతన్ని కట్టిపడేసిన సంకెలను తెంచడం కూడా దాని పనే. హష్ర్ అధ్యాయం 7వ వాక్యం మరొక సూత్రాన్ని తెలియజేసింది. సంపద ధనికుల మధ్యనే చేతులు మారుతూ ఉండిపోకూడదు. అది సమాజంలోని చిట్టచివరి ఇంటి దాకా ప్రవహించాలి.

ఈ సూత్రం ఆచరణలో ఎలా ఉంటుందో దైవప్రవక్త (స) స్వయంగా చూపించారు. అబూ దావూద్ హదీసు గ్రంథంలో నమోదైన ఒక సంఘటన మనలో చాలామందికి తెలిసినదే. అన్సార్‌లకు చెందిన ఒక వ్యక్తి సహాయం అర్థిస్తూ వచ్చాడు. ఇంట్లో ఏమైనా ఉన్నదా అని ప్రవక్త (స) అడిగారు. సగం కప్పుకుని సగం పరుచుకునే ఒక దుప్పటి, నీళ్లు తాగే ఒక పాత్ర ఉన్నాయని అతను చెప్పాడు. వాటిని తెప్పించి సహచరుల మధ్య వేలం వేశారు. ఒకరు ఒక దిర్హము ఇస్తామన్నారు. ఇంకా ఎక్కువ ఇచ్చేవారెవరని రెండు మూడుసార్లు అడిగి, రెండు దిర్హములకు అమ్మారు. ఒక దిర్హముతో ఇంటివారికి ఆహారం, రెండవదానితో గొడ్డలి కొనుక్కురమ్మన్నారు. ఆ గొడ్డలికి తమ స్వహస్తాలతో పిడి బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకోమని, పదిహేను రోజుల వరకు తమకు కనిపించవద్దని చెప్పి పంపారు. అతను తిరిగి వచ్చేసరికి పది దిర్హములు సంపాదించి ఉన్నాడు. కొంత బట్టలకు, కొంత ఆహారానికి ఖర్చు చేసుకున్నాడు.

ఈ ఒక్క సంఘటనలో ఎన్ని పాఠాలున్నాయో చూడండి. ప్రవక్త (స) ముందుగా అతని దగ్గర ఏమున్నదో అడిగారు. ఎంత పేదవాడి ఇంట్లోనైనా ఏదో ఒక వస్తువు, ఏదో ఒక నైపుణ్యం ఉంటుందని మనకు నేర్పారు. అతని వస్తువుకు న్యాయమైన ధర వచ్చేలా చూశారు. పనిముట్టు కన్నా ముందు ఆ పూట ఆకలి సంగతి చూశారు, ఎందుకంటే పస్తులున్న ఇంటిని వదిలి ఎవరూ నిశ్చింతగా పనికి పోలేరు. ఆ తరువాతే పనిముట్టు సమకూర్చారు. చివరగా గడువు పెట్టి, ఫలితం ఏమైనదో తెలుసుకున్నారు. ఇచ్చి చేతులు దులుపుకోలేదు. ఈనాటి పెద్ద పెద్ద సంస్థలు అభివృద్ధి పథకాల పేరుతో చెప్పే మాటలన్నీ ఆ రెండు దిర్హముల లెక్కలో ఇమిడి ఉన్నాయి.

అభివృద్ధి అన్న మాటకు ప్రపంచం ఎంతోకాలం ఆదాయాన్నే కొలబద్దగా పెట్టుకుంది. 1990లో ఆర్థికవేత్త మహబూబుల్ హక్ నాయకత్వంలో, అమర్త్య సేన్ సహకారంతో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తొలి మానవాభివృద్ధి నివేదికను వెలువరించింది. మనిషి ఎంతకాలం ఆరోగ్యంగా బ్రతుకుతున్నాడు, ఎంత చదువుకున్నాడు, గౌరవంగా బ్రతికే ఆదాయం ఉన్నదా అనే మూడింటినీ కలిపి చూడాలని ఆ నివేదిక చెప్పింది. దానికి సుమారు తొమ్మిది వందల ఏళ్ల ముందే ఇమామ్ గజాలీ (రహ్మ) షరీఅత్ లక్ష్యాలను వివరిస్తూ ధర్మం, ప్రాణం, బుద్ధి, సంతానం, సంపద అనే అయిదింటి పరిరక్షణను పేర్కొన్నారు. మనం ఇచ్చే ప్రతి రూపాయినీ ఈ అయిదు ప్రశ్నల ముందు నిలబెట్టి చూడవచ్చు. దీనివల్ల ఎవరి ప్రాణం నిలిచింది? ఎవరి బిడ్డ బడికి వెళ్లింది? ఎవరి సంపాదన మార్గం తెరుచుకుంది?

ఇక మన ప్రాంతం సంగతికి వద్దాం. ఒకవైపు నల్లమల, మరొకవైపు కర్నూలు–కడప కాలువ కింద పండే పొలాలు, వరి, శనగ, పత్తి. ఆళ్లగడ్డ శిల్పుల చేతి పని దేశమంతటా పేరు పొందింది. ఇంత ఉన్న నేల మీద మన సోదరుల బ్రతుకుతెరువు ఏమిటి? తోపుడు బండి మీద పండ్లు, మాంసం దుకాణం, మెకానిక్ షెడ్డు, కుట్టు మిషను, ఆటో, కౌలు సేద్యం. తరతరాలుగా దూది ఏకి పరుపులు కుట్టిన దూదేకుల, నూర్‌బాషా సోదరుల ఇళ్లలో ఆ వృత్తి యంత్రాల రాకతోనూ, తయారుగా దొరికే పరుపుల రాకతోనూ సన్నగిల్లింది. వీరెవరూ సోమరులు కారు. తెల్లవారకముందే లేచి పనికి వెళ్లేవారు. అయినా చాలామంది చేతిలో సాయంత్రానికి ఎందుకు ఏమీ మిగలడం లేదు?

దానికి ఒక ముఖ్య కారణం పెట్టుబడి వచ్చే దారి. రోజువారీ ఫైనాన్స్ లెక్క మన బజారులో అందరికీ తెలుసు. పది వేల రూపాయల అప్పు అని రాసుకుంటారు. ముందే వెయ్యి పట్టుకుని తొమ్మిది వేలు చేతికిస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వినడానికి వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ ప్రతిరోజూ అసలు తగ్గుతూ వస్తున్నదని గుర్తుంచుకుని లెక్క వేసి చూడండి. అది ఏడాదికి నూటికి 75 రూపాయలకు పైబడిన వడ్డీ అవుతుంది. బండివాడు ఎండలో నిలబడి అమ్మిన లాభం బండి వెనుక నిలబడినవాడి జేబులోకి పోతున్నది. అప్పు తీరిన రోజునే మళ్లీ అప్పు. ఖుర్ఆన్ వడ్డీని ఎందుకంత కఠినంగా నిషేధించిందో ఈ లెక్క చూసినవారికి వేరే వివరణ అవసరం లేదు.

పేదలకు అప్పు ఇవ్వడమే సేవ అని ప్రచారం జరిగిన రోజులను కూడా మన రాష్ట్రం చూసింది. సూక్ష్మరుణ సంస్థలు ఊరూరా మహిళలకు అప్పులిచ్చాయి. ఒకే ఇంట్లో మూడు నాలుగు సంస్థల అప్పులు పేరుకుపోయాయి, వారం వారం వసూళ్ల ఒత్తిడి పెరిగింది, ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ వసూళ్లకు కళ్లెం వేయవలసి వచ్చింది. 2011లో అది శాసనమైంది. పేదవాడి అవసరాన్ని ఆదాయ వనరుగా మార్చుకున్నప్పుడు సేవ పేరుతో మొదలైన పని కూడా ఉరితాడుగా మారగలదని ఆ అనుభవం చాటింది.

సోదరులారా! ఈ సందర్భంలో పొలాలున్న సోదరులకు ఒక విధిని గుర్తు చేయడం అవసరం. నగదు మీద, బంగారం మీద జకాత్ ఇచ్చేవారు కూడా పంట మీది ఉష్ర్‌ను మరచిపోవడం కనిపిస్తున్నది. పంట కోసిన రోజే దాని హక్కును చెల్లించమని అన్‌ఆమ్ అధ్యాయం 141వ వాక్యం ఆదేశిస్తున్నది. వర్షంతో పండినదానిలో పదవ వంతు, శ్రమపడి ఖర్చుపెట్టి నీరు తోడి పండించినదానిలో ఇరవయ్యవ వంతు ఇవ్వాలని హదీసు నిర్దేశించింది. వానకు పండిన వంద బస్తాల శనగలో పది, బోరు నీటితో పండిన వంద బస్తాల వడ్లలో అయిదు బస్తాలు పేదవాడివి. అవి మన కల్లంలో ఉన్న అతని సొత్తు. కాలువ నీటి కింది సేద్యం, కౌలు సేద్యం వంటి వివరాలను ఉలమాలను అడిగి తెలుసుకోండి.

మన దేశంలో 2013 నాటి కంపెనీల చట్టం పెద్ద కంపెనీలను గడచిన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయమన్నది. 2014 ఏప్రిల్ నుంచి అది అమలులో ఉంది. మంచిదే. జకాత్ అంతకన్నా లోతుగా వెళుతుంది. అది లాభం వచ్చిందా లేదా అని చూడదు. ఏడాదిపాటు నిలిచిన సంపద నిసాబ్‌కు చేరితే 2.5 శాతం తీయమంటుంది. కంపెనీ తన పేరు బోర్డు మీద రాసుకోవచ్చు. జకాత్ ఇచ్చేవాడికి ఆ వీలు కూడా లేదు, ఎందుకంటే తనది కాని సొమ్మును దాని యజమానికి అప్పగించినందుకు పేరు రాసుకోవడానికి ఏముంటుంది? ఎత్తిపొడిచి, మనసు నొప్పించి దానాలను వ్యర్థం చేసుకోవద్దని బఖరా అధ్యాయం 264వ వాక్యం హెచ్చరించింది. ఒక దుప్పటి ఇస్తూ తీసుకునేవారి ముఖాన్ని ఫోటో తీసి నలుగురికీ పంపడం ఆ హెచ్చరిక పరిధిలోకి వస్తుందేమో ప్రతి ఒక్కరం ఆలోచించుకోవాలి. ఆ దుప్పటి చలికాలంతో చిరిగిపోతుంది. ఆ ఫోటో మాత్రం ఆ ఇంటి పిల్లలు పెద్దవారైన తరువాత కూడా ఎక్కడో ఒకచోట మిగిలి ఉంటుంది.

దానాన్ని తరతరాలకు నిలిపే మార్గం వక్ఫ్. ఖైబర్‌లో తనకు లభించిన విలువైన భూమిని ఏం చేయాలని హజ్రత్ ఉమర్ (ర) ప్రవక్త (స)ను అడిగారు. అసలును కదల్చకుండా ఉంచి, దాని ఫలసాయాన్ని దానం చేయమని ప్రవక్త (స) సలహా ఇచ్చారు. ఆ ఒక్క సలహా నుంచే ఇస్లామీయ ప్రపంచంలో ఆసుపత్రులు, విద్యాలయాలు, బావులు, సత్రాలు పుట్టుకొచ్చాయి. ఇంత గొప్ప వారసత్వం మన దేశంలో ఏ స్థితిలో ఉంది? జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006 నవంబరులో సమర్పించిన నివేదిక ప్రకారం దేశంలో నమోదైన వక్ఫ్ ఆస్తులు సుమారు 4.9 లక్షలు, భూమి సుమారు 6 లక్షల ఎకరాలు. వాటి మీద ఏడాదికి వస్తున్న ఆదాయం దాదాపు 163 కోట్ల రూపాయలు. సక్రమంగా వినియోగిస్తే ఏటా 12,000 కోట్లు రాగలవని ఆ కమిటీ అంచనా వేసింది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరంలో ఎందరు అనాథల చదువు, ఎందరు రోగుల వైద్యం పోయాయో ఆలోచించండి. ప్రతి మసీదు, ప్రతి దర్గా, ప్రతి ఖబ్రస్తాన్ భూమి పత్రాలు సరిగా ఉన్నాయా, కౌలు న్యాయంగా వస్తున్నదా, లెక్క జమాఅత్ ముందుకు వస్తున్నదా అని అడగడం మన హక్కు, మన బాధ్యత కూడా.

సక్రమంగా నిలబెట్టిన సంస్థ ఏమి చేయగలదో చూడటానికి దూరం పోనక్కరలేదు. 1947లో డాక్టర్ అబ్దుల్ హక్ సాహెబ్ కర్నూలులో ఉస్మానియా కళాశాలను స్థాపించారు. అప్పుడు మన నంద్యాల, ఆళ్లగడ్డలు కూడా కర్నూలు జిల్లాలోనివే. 2022లోనే నంద్యాల జిల్లా వేరుపడింది. ఆ రోజుల్లో అంతే సొమ్ముతో ఎన్నో వేలమందికి ఒక పూట విందు పెట్టి ఉండవచ్చు. ఆ విందు ఎప్పుడో మరుగున పడిపోయేది. కళాశాల మాత్రం ఈనాటికీ అన్ని మతాల పిల్లలకూ చదువు చెబుతున్నది.

అన్ని మతాల పిల్లలు అన్న మాటను మళ్లీ గుర్తు చేసుకుందాం. వృద్ధాప్యంలో యాచిస్తున్న ఒక యూదుణ్ణి హజ్రత్ ఉమర్ (ర) చూశారు. యవ్వనంలో అతని నుంచి పన్ను తీసుకుని ముసలితనంలో అతన్ని వదిలివేయడం న్యాయం కాదని భావించి, బైతుల్‌మాల్ నుంచి అతనికీ అతనిలాంటివారికీ భృతి ఏర్పాటు చేయించారు. జకాత్ వినియోగానికి ఉలమాలు వివరించిన నియమాలున్నాయి. సదఖా తలుపు మాత్రం పొరుగువారందరికీ తెరిచి ఉంది. మన వీధిలో రాయి చెక్కే శిల్పి చేతికి గాయమైతే, పక్క పొలంలోని కూలీ బిడ్డకు జ్వరం వస్తే, వారి మతం అడిగిన తరువాత సహాయం చేసే సంప్రదాయం మనది కాదు.

అల్లాహ్ మనందరి పాపాలను మన్నించుగాక! ఆయననే మన్నింపు వేడుకోండి. నిశ్చయంగా ఆయన క్షమాశీలి.

రెండవ ఖుత్బా

అల్లాహ్‌కు స్తుతి, ఆయన ప్రవక్త (స)పై శాంతిశుభాలు.

సోదరులారా! విన్నది ఆచరణలోకి రావాలి. మన మొహల్లాలలో వెంటనే మొదలుపెట్టగలిగిన పనులు కొన్ని ఉన్నాయి.

మొదటిది, తెలుసుకోవడం. ప్రతి మసీదు పరిధిలో వితంతువులు, అనాథలు, దీర్ఘరోగులు, వడ్డీ అప్పుల్లో ఉన్నవారు ఎవరో జమాఅత్ పెద్దలు గోప్యంగా జాబితా రాసుకోవాలి. అడగడానికి సిగ్గుపడేవారే అందులో ముందుండాలి. ముఆజ్ (ర)ను యమన్‌కు పంపుతూ, అక్కడి ధనికుల నుంచి తీసుకుని అక్కడి పేదలకే ఇవ్వాలని ప్రవక్త (స) ఆదేశించారు. మన వీధి పేదవాడు మన లెక్కలో ముందుండాలి.

రెండవది, జకాత్‌ను చిల్లరగా చల్లకుండా కలిపి ఇవ్వడం. యాభై మందికి రెండేసి వందలు ఇచ్చే పది వేలు ఒక తల్లికి కుట్టు మిషను కాగలవు. జకాత్ పేదవాడి సొంతం కావాలన్నది నియమం కనుక, ఆ మిషను ఆమె పేరున, ఆమె చేతికే అందాలి. అయితే ఆ పూట ఆకలితో ఉన్నవారిని ఈ కారణంతో వెనక్కి పంపకూడదు. ప్రవక్త (స) మొదటి దిర్హమును అన్నానికే కేటాయించారని మరువకండి.

మూడవది, ఖర్జె హసన్ నిధి. వంద ఇళ్లవారు రోజుకు పది రూపాయల చొప్పున సదఖాగా తీసి పెడితే నెలకు ముప్పై వేలు అవుతుంది. నెలకు ముగ్గురు బండివారిని వంద రోజుల వడ్డీ నుంచి విడిపించవచ్చు. వారు తిరిగి కట్టిన సొమ్ము మరో ముగ్గురికి చేరుతుంది. ఈ నిధిలో జకాత్ సొమ్ము కలపకుండా విడిగా నడపాలి. బఖరా అధ్యాయం 282వ వాక్యం ఆదేశించినట్లు ప్రతి అప్పునూ సాక్షుల ముందు రాసుకోవాలి. ఇబ్బందిలో ఉన్నవాడికి గడువు ఇవ్వమన్న 280వ వాక్యాన్నీ పాటించాలి. సభ్యుల నుంచి పొదుపు తీసుకునే స్థాయికి చేరితే 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వంటి చట్టబద్ధమైన మార్గంలోనే నమోదు చేయించుకోవాలి. పాకిస్తాన్‌లో 2001లో ఒక వితంతువుకు ఇచ్చిన పది వేల రూపాయల వడ్డీలేని అప్పుతో మొదలైన అఖువత్ సంస్థ, మసీదులనే కేంద్రాలుగా చేసుకుని లక్షలాది కుటుంబాలకు చేరింది. అంత దూరం వెళ్లినా, దాని మొదటి అడుగు ఒక్క వితంతువే.

నాలుగవది, సమయ దానం. డబ్బు లేనివారు కూడా చేయగలిగిన దానమిది. 2023లో నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. ప్రభుత్వ ఆరోగ్య పథకాలున్నాయి. 2007 చట్టం ప్రకారం వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. ఉపకార వేతనాలున్నాయి. ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో తెలియక వీటిని పోగొట్టుకుంటున్న ఇళ్లు ఎన్నో. చదువుకున్న యువకులారా! వారానికి ఒక్కరోజు, జుమా నమాజు తరువాత ఒక్క గంట, మసీదు వరండాలో కూర్చుని నలుగురి దరఖాస్తులు నింపండి. అల్లాహ్ దగ్గర అది చిన్న పని కాదు.

అయిదవది, లెక్క చెప్పడం. ఏడాది చివర ఎంత వసూలైనదో చెప్పుకోవడం మామూలే. దానితోపాటు మరొక అంకె కూడా జమాఅత్ ముందు ఉంచాలి. నిరుడు తీసుకున్నవారిలో ఈ ఏడు అవసరం లేనివారు ఎందరు? వారిలో తామే ఇచ్చే స్థితికి వచ్చినవారు ఎందరు? యమన్‌లో జకాత్ తీసుకునేవారు దొరకక, మిగిలిన సొమ్మును ముఆజ్ (ర) మదీనాకు పంపిన రోజు వచ్చిందని చరిత్ర చెబుతున్నది. మన జాబితా కూడా ఏటేటా కుదించుకుపోవాలి.

ఓ అల్లాహ్! మా సంపాదనను హలాల్ చేయి. మా దానాలలో చిత్తశుద్ధిని ప్రసాదించు. వడ్డీ ఉచ్చులో చిక్కుకున్న మా సోదరులను, సోదరీమణులను విడిపించు, అందుకు మా చేతులను సాధనంగా చేయి. వితంతువుల, అనాథల కన్నీళ్లు తుడిచే భాగ్యం మాకు కలిగించు. నంద్యాల, ఆళ్లగడ్డ పొలాలకు సకాలంలో వానలు కురిపించు. మా ఊళ్లలో అన్ని మతాలవారి మధ్య శాంతిని, పరస్పర సహకారాన్ని నిలుపు. మా వక్ఫ్‌లను, మా విద్యాలయాలను కాపాడు. నిరుడు మా గడప ముందు నిలబడినవారు వచ్చే రంజాన్‌లో మా పక్కన నిలబడి దానం ఇచ్చే రోజును మాకు చూపించు.

ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.